తెలివైన పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారు?

పిల్లల ఓ.పి.కి వచ్చే తల్లులు, బిడ్డ బరువు చూసేటప్పుడు సంతోషంగా చెప్పే మాట ఒకటుంది. "మా బాబుకు ఇంకా నాలుగేళ్ళే సిస్టర్, అప్పుడే ఎక్కాలన్నీ చెప్పేస్తున్నాడు" అంటారు. ఆ వెంటనే "వీడు కలెక్టరవుతాడంటారా?" అని అడుగుతారు. పక్కనే ఉన్న అమ్మమ్మగారు మాత్రం దిష్టి తగులుతుందని మాట మార్చేస్తారు. మరీ తెలివైన పిల్లలకు ఆయుష్షు తక్కువనీ, పెద్దయ్యాక మతి చెడుతుందనీ పాతకాలం వారికి ఒక భయం.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. చిన్నప్పుడు పరిమళించిన పిల్లలు పెద్దయ్యాక కూడా అలాగే ఉంటారా? అమ్మ ఆశ నిజమా, అమ్మమ్మ భయం నిజమా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ శాస్త్రవేత్తలు నూరేళ్ళకు పైగా పిల్లలను గమనించారు. వారు తెలుసుకున్న సంగతులు మన ఇళ్ళలో ఉపయోగపడతాయి గనుక ఇక్కడ వివరిస్తున్నాను.

1,528 మంది పిల్లల కథ

లూయిస్ టెర్మన్ అనే ఆయన అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త. యువకుడిగా ఉన్నప్పుడు ఆయనకు క్షయ సోకింది. ఆరోగ్యానికి మంచి వాతావరణం కావాలని కాలిఫోర్నియాకు వెళ్ళి, తర్వాత స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. ఫ్రాన్సులో తయారైన తెలివితేటల పరీక్షను అమెరికా పిల్లలకు తగినట్టు మార్చి 1916లో ప్రచురించింది ఆయనే. ఈ పరీక్షలో వచ్చే అంకెను ఐ.క్యూ. అంటారు. 100 వస్తే ఆ వయసు పిల్లలకు అది సగటు. 135, 140 దాటేవారు సుమారు నూటికి ఒకరు ఉంటారు.

1921లో టెర్మన్ కాలిఫోర్నియా స్కూళ్ళలో వెతకడం మొదలుపెట్టి, ఇలా నూటికి ఒకరుగా ఉండే పిల్లలను 1,528 మందిని చేర్చుకున్నారు. వారిలో 856 మంది అబ్బాయిలు, 672 మంది అమ్మాయిలు. కొన్నేళ్ళకొకసారి వారికి ప్రశ్నలు పంపి చదువు, ఉద్యోగం, పెళ్ళి, ఆరోగ్యం అన్నీ రాసుకున్నారు. టెర్మన్ 1956లో చనిపోయారు. తర్వాత ఇతరులు ఆ పని కొనసాగించారు. ఆ పిల్లల్లో కొందరు 80, 90 ఏళ్ళ వృద్ధులయ్యేవరకూ ఈ పరిశీలన సాగింది. చిన్నప్పుడు ఇందులో చేరిన రాబర్ట్ సియర్స్ అనే ఆయన పెద్దయ్యాక తానే మనస్తత్వ శాస్త్రవేత్త అయి, ఈ పరిశీలనకు బాధ్యత వహించారు.

భయం నిజం కాలేదు

మొదట తేలినది అమ్మమ్మగారి భయం గురించి. ఈ పిల్లలు బక్కచిక్కి, రోగిష్టిగా, ఎవరితో కలవకుండా ఉంటారని ఆ రోజుల్లో అమెరికాలో కూడా అనుకునేవారు. కొలిచి చూస్తే ఎత్తులో, బరువులో, ఆరోగ్యంలో వీరు తోటి పిల్లలకు సమానంగానో, కొంచెం మెరుగ్గానో ఉన్నారు. పెద్దయ్యాక వీరికి మతి చెడలేదు, ఆయుష్షూ తగ్గలేదు. గనుక పిల్లవాడు చురుగ్గా ఉన్నాడని ఎవరూ భయపడనక్కర్లేదు.

చదువులో కూడా వారు బాగానే రాణించారు. అమెరికాలో పదిమందిలో ఒకరు కూడా డిగ్రీ చదవని కాలంలో, వీరిలో దాదాపు మూడింట రెండొంతుల మంది డిగ్రీ పూర్తి చేశారు. డాక్టర్లు, లాయర్లు, ప్రొఫెసర్లు, ఇంజనీర్లు చాలామంది అయ్యారు.

వారిలో ఒకరి పని ఫలితం మన ఆసుపత్రిలో రోజూ కనబడుతుంది. ఓ.పి.లో మీ ఎత్తు, బరువు చూసి బి.ఎమ్.ఐ. ఎంత అని చెబుతాం కదా. ఆ లెక్కకు 1972లో ఆ పేరు పెట్టి వాడుకలోకి తెచ్చిన వారిలో ముఖ్యులు ఆన్సెల్ కీస్. తిండిలోని కొవ్వుకూ గుండెజబ్బుకూ ఉన్న సంబంధాన్ని ఏడు దేశాల్లో పరిశీలించింది కూడా ఆయనే. టెర్మన్ ఎంపిక చేసిన పిల్లల్లో ఆయన ఒకరు. యువకుడిగా ఉన్నప్పుడు ఇల్లు వదిలి, గుహలో గబ్బిలాల పెంట తవ్వే కూలి పని కూడా చేశారు. తర్వాత చదువుకు తిరిగొచ్చారు. 1904లో పుట్టి, 2004లో నూరేళ్ళు నిండాక చనిపోయారు.

ఆశ కూడా పూర్తిగా నిజం కాలేదు

అయితే అందరూ కీస్ కాలేదు. ఎక్కువమంది మామూలు ఉద్యోగాలు చేసుకుని, ఇల్లు కట్టుకుని, పిల్లలను పెంచుకుని బ్రతికారు. గుమాస్తాలు, టైపిస్టులు, పోలీసులు అయినవారూ ఉన్నారు. ప్రపంచాన్ని మార్చేంత మేధావులు వీరిలోంచి వస్తారని ఆశించినవారికి కొంత నిరాశ మిగిలింది.

ఇంకొక సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఆ రోజుల్లో టెర్మన్ మనుషులు పరీక్ష పెట్టి, మార్కులు చాలలేదని వదిలేసిన పిల్లల్లో ఇద్దరు అబ్బాయిలున్నారు. ఒకరు విలియం షాక్లీ. సెల్‌ఫోనుకూ టీవీకీ మూలమైన ట్రాన్సిస్టర్ పనికి 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. రెండోవారు లూయిస్ ఆల్వరెజ్. 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఎంపికైన 1,528 మందిలో ఒక్కరికీ నోబెల్ రాలేదు.

అందుచేత ఒక పరీక్షలో వచ్చిన అంకెతో పిల్లవాడి జీవితాన్ని ముందే చెప్పలేం. ఎక్కువ వచ్చినవాడు తప్పక గొప్పవాడవుతాడని లేదు, తక్కువ వచ్చినవాడికి దారి మూసుకుపోయిందనీ లేదు. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలుండి, ఒకరికే "తెలివైనవాడు" అని పేరుంటే ఈ మాట రెండోవారి కోసం గుర్తుంచుకోండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. టెర్మన్ ఎంచుకున్నవారిలో ఎక్కువమంది కాస్త కలిగిన తెల్లవారి కుటుంబాల పిల్లలు. పేదలు, నల్లజాతివారు చాలా తక్కువ. పైగా టెర్మన్ కొందరికి సిఫారసు ఉత్తరాలు రాసి సాయం చేశారు. గనుక వారి విజయమంతా బుర్రదే అనలేం. ఇంటి పరిస్థితికీ, చేయూతనిచ్చినవారికీ అందులో భాగం ఉంది.

ఒకే తెలివి, రెండు రకాల జీవితాలు

1940లో టెర్మన్ బృందం ఇంకొక పని చేసింది. మగవారిలో జీవితంలో బాగా పైకి వచ్చిన 150 మందినీ, అందరికంటే వెనుకబడిన 150 మందినీ పక్కపక్కన పెట్టి పోల్చింది. చిన్నప్పటి ఐ.క్యూ.లో ఈ రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. ఒక గుంపులో పేరున్న డాక్టర్లు, ప్రొఫెసర్లు. రెండో గుంపులో చదువు మధ్యలో మానేసినవారు, ఉద్యోగంలో నిలబడనివారు, కాపురాలు చెడినవారు ఎక్కువ.

తేడా ఎక్కడ కనబడిందంటే, పట్టిన పని విడవకపోవడంలో, తాను ఎటు వెళ్ళాలో తెలిసి ఉండడంలో, తన మీద తనకు నమ్మకం ఉండడంలో, నేను తక్కువవాణ్ణనే బాధ లేకపోవడంలో. పైకి వచ్చినవారి ఇళ్ళలో చదువు మీద శ్రద్ధ కూడా ఎక్కువగా ఉంది. ఈ గుణాలు ఒక్కరోజులో వచ్చేవి కావు. రోజూ ఇంట్లో ఎలా మాట్లాడుతున్నాం, ఓడిపోయినప్పుడు ఎలా పలకరిస్తున్నాం అనేదాన్ని బట్టి మెల్లగా అలవడతాయి.

ఎక్కువ కాలం బ్రతికినదెవరు?

ఆరోగ్య శాఖలో పనిచేసే మాలాంటి వారికి ఎక్కువ ఆసక్తి కలిగించే ప్రశ్న ఇది. హోవర్డ్ ఫ్రీడ్‌మన్, లెస్లీ మార్టిన్ అనే ఇద్దరు పరిశోధకులు టెర్మన్ పిల్లల మరణ ధ్రువపత్రాలు సేకరించి, ఎవరు ఎంతకాలం బ్రతికారో లెక్క కట్టారు. ఆ వివరాలతో 2011లో ఒక పుస్తకం ప్రచురించారు.

ఎక్కువ కాలం బ్రతికినవారు చిన్నప్పటి నుంచి బాధ్యత, క్రమశిక్షణ ఉన్నవారు. చెప్పిన పని వేళకు చేసేవారు, ముందువెనుక ఆలోచించేవారు, వస్తువులు జాగ్రత్తగా వాడుకునేవారు. ఎప్పుడూ నవ్వుతూ, ఏమీ కాదులే అనుకునే పిల్లలు సగటున వీరికంటే కొంచెం ముందే చనిపోయారు. బాధ్యత గలవారు పొగతాగడం, అతిగా మద్యం తాగడం వంటివాటికి దూరంగా ఉండడం ఒక కారణం. బి.పి., షుగరు మాత్రలు మానకుండా వేసుకునేవారికీ, బాగానే ఉందని మానేసేవారికీ మధ్య తేడా మేము వార్డులో రోజూ చూస్తూనే ఉన్నాం. మాత్ర వేళకు వేసుకోవడానికి ఐ.క్యూ. 140 అక్కర్లేదు, అలవాటు కావాలి. చిన్నప్పుడు తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు సగటున కొన్నేళ్ళు తక్కువ బ్రతికారని కూడా తేలింది.

అదే సమాచారంతో 2009లో వచ్చిన మరో పరిశీలన మన ఊళ్ళలోని తల్లిదండ్రులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అందరికంటే ముందే చదవడం వచ్చిన పిల్లలు స్కూల్లో మొదట్లో ముందున్నారు గానీ, ఆ ఆధిక్యం జీవితాంతం నిలవలేదు. వయసు నిండకముందే స్కూల్లో చేరినవారు చివరికి తక్కువ చదివారు, నడివయసులో ఎక్కువ ఇబ్బందులు పడ్డారు, ముందే చనిపోయే అవకాశం కూడా వారిలో కొంచెం ఎక్కువగా కనబడింది. దీనికి ఇదే కారణమని ఖచ్చితంగా అనలేం. అయినా రెండున్నరేళ్ళకే బ్యాగు తగిలించి, ఏడుస్తున్న బిడ్డను ఆటో ఎక్కించేవారు ఒకసారి ఆలోచించాలి.

మరి చురుకైన పిల్లలను ఆపేయాలా? అదీ కాదు. 1971లో జూలియన్ స్టాన్లీ అనే ప్రొఫెసర్ అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో, లెక్కల్లో అసాధారణంగా ఉన్న 12, 13 ఏళ్ళ పిల్లలను వెతికి, వారికి తగిన పై స్థాయి పాఠాలు అందేలా చూశారు. అలా గుర్తించిన 1,650 మందిని నాలుగు దశాబ్దాల తర్వాత పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. అంతకుముందు అనుకున్నదానికంటే ఎక్కువమంది పరిశోధకులుగా, ప్రొఫెసర్లుగా, కంపెనీల అధిపతులుగా ఉన్నారు. పిల్లవాడి ఆకలిని చూసి వడ్డించడం వేరు, ఆకలి లేకపోయినా నోట్లో కుక్కడం వేరు.

ఒకే కాలేజీలో ఇద్దరు బాలమేధావులు

1909లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఇద్దరు పిల్లలు చేరారు. విలియం సైడిస్ వయసు 11. నార్బర్ట్ వీనర్ వయసు 14, అప్పటికే మరో కాలేజీలో డిగ్రీ పూర్తి చేశాడు. ఇద్దరి తండ్రులూ గొప్ప పండితులే. ఇద్దరూ కొడుకులకు తామే చదువు చెప్పారు.

సైడిస్ మరుసటి సంవత్సరం జనవరిలో ప్రొఫెసర్ల ముందు గణితం మీద ఉపన్యాసమిచ్చాడు. పత్రికలన్నీ అతని గురించే రాశాయి. తర్వాత టెక్సాస్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళి ఏడాది కూడా నిలవలేదు. 1919లో ఒక ఊరేగింపులో అరెస్టయ్యాడు. తల్లిదండ్రులకు దూరంగా, ఎవరికీ తెలియకుండా బ్రతకాలని, లెక్కలు చేసే యంత్రాల మీద చిన్న గుమాస్తా పనులు చేసుకున్నాడు. ట్రాము టిక్కెట్లు సేకరించడం ఆయన సరదా. 1937లో ఒక పత్రిక వెతికి పట్టుకుని, ఆయనను ఎగతాళి చేస్తూ రాసింది. తన మానాన తనను బ్రతకనివ్వలేదని ఆయన కోర్టుకు వెళ్ళాడు. 1940లో ఓడిపోయాడు. 1944లో మెదడులో రక్తస్రావమై 46 ఏళ్ళకే చనిపోయాడు.

వీనర్ బాల్యం కూడా పూలబాట కాదు. తండ్రి కోపిష్టి, తప్పు చేస్తే కేకలు వేసేవాడు. కొడుకు గొప్పతనమంతా తన శిక్షణదేనని పత్రికలకు చెప్పేవాడు. అంటే గెలిస్తే నాన్న ఘనత, ఓడితే తన తప్పు అని ఆ పిల్లవాడి మనసులో పడిపోయింది. పెద్దయ్యాక కూడా చాలాకాలం మానసిక కుంగుబాటుతో బాధపడ్డాడు. అయినా 18 ఏళ్ళకే హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకుని, ఎం.ఐ.టి.లో పేరున్న ప్రొఫెసర్ అయ్యాడు. పెళ్ళి చేసుకుని, ఇద్దరు కూతుళ్ళకు తండ్రి అయ్యాడు. 1964 వరకూ బ్రతికాడు. తన బాల్యం గురించి 1953లో ఒక పుస్తకం రాశాడు. అందులో సైడిస్‌ను తలచుకుని బాధపడ్డాడు.

ఇద్దరి మధ్య తేడా ఇదేనని ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. కానీ ఒక్క విషయం గమనించండి. వీనర్ తండ్రి కొడుకును 11 ఏళ్ళకే హార్వర్డ్‌కు పంపగలిగి కూడా పంపలేదు. ఒత్తిడి, పత్రికల హడావుడి పడనివ్వకూడదని ఇంటి దగ్గర చిన్న కాలేజీలో చేర్చాడు. అందువల్ల సాయంత్రం తన ఈడు పిల్లలతో ఆడుకునే వీలు ఆ అబ్బాయికి దొరికింది. సైడిస్‌కు ఆ నీడ దొరకలేదు.

శరీరం బాగుంటేనే బుర్ర

వీనర్‌కు ఎనిమిదేళ్ళప్పుడు చూపు బాగా తగ్గింది. ఆరు నెలలు పుస్తకం పట్టవద్దని డాక్టరు చెప్పాడు. చెవితో విని, మనసులోనే లెక్క చేసుకుని నేర్చుకున్నాడు. ఇప్పుడు అలా చదువు మానిపించే అవసరం లేదు. పరీక్ష చేయించి కళ్ళద్దాలు పెట్టించి, పగటి వెలుతురులో బయట ఆడుకోనిస్తే చాలు. కానీ బోర్డు కనబడక మార్కులు తగ్గిన పిల్లవాణ్ణి బద్ధకస్తుడని కొట్టేవారు ఇంకా ఉన్నారు.

మన దేశంలో అందరికీ తెలిసిన మేధావి శ్రీనివాస రామానుజన్. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చింది. లెక్కలు తప్ప వేరే సబ్జెక్టు పట్టించుకోకపోవడంతో అది పోయింది. మద్రాసులోనూ ఎఫ్.ఎ. పరీక్ష తప్పారు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరారు. 1913 జనవరిలో ఇంగ్లండులోని హార్డీగారికి రాసిన ఉత్తరంతో ఆయన జీవితం మారింది. 1914లో కేంబ్రిడ్జి వెళ్ళారు. కానీ యుద్ధకాలంలో సరైన శాకాహారం దొరక్క, చలికి తట్టుకోలేక జబ్బుపడ్డారు. క్షయ అనుకుని వైద్యం చేశారు. ఆయన జబ్బు గురించిన వివరాలన్నీ పరిశీలించిన ఒక డాక్టరు, అది అమీబా వల్ల కాలేయానికి వచ్చిన జబ్బు కావచ్చని 1994లో రాశారు. అదే అయితే ఆ కాలంలోనే వైద్యం ఉంది. 1920లో 32 ఏళ్ళకే చనిపోయారు. ఎంత మేధావి అయినా తిండి, నిద్ర, వేళకు సరైన వైద్యం అందరిలాగే కావాలి.

పేరు పెడితే ఏమవుతుంది?

ఇంగ్లండులో జోన్ ఫ్రీమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో 210 మంది పిల్లలను పరిశీలించడం మొదలుపెట్టి, వారు పెద్దవారయ్యేవరకూ కలుస్తూ వచ్చారు. "మేధావి" అని ఇంట్లోవారు పేరు పెట్టిన పిల్లలు ఒక గుంపు. అంతే తెలివి ఉండి, ఆ పేరు పెట్టనివారు రెండో గుంపు. మామూలు పిల్లలు మూడో గుంపు. మనసుకు సంబంధించిన ఇబ్బందులు ఎక్కువగా కనబడినది మొదటి గుంపులోనే. తెలివి సమానమే గనుక బరువు తెలివిది కాదు, ఆ పేరుది, దాని వెనుక ఉన్న ఆశలది.

పొగడ్త గురించి 1998లో అమెరికాలో కారల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ ఒక పరీక్ష చేశారు. ఐదో తరగతి పిల్లలకు చిక్కు ప్రశ్నలిచ్చారు. పూర్తి చేశాక కొందరితో "నువ్వు చాలా తెలివైనదానివి" అన్నారు. కొందరితో "బాగా కష్టపడ్డావు" అన్నారు. తర్వాత కష్టమైన ప్రశ్నలిచ్చారు, అందరూ తడబడ్డారు. మళ్ళీ సులువైనవి ఇస్తే, తెలివిని పొగిడించుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు మొదటిసారి కంటే బాగా చేశారు. ఎన్ని వచ్చాయో రాయమంటే, తెలివిని పొగిడించుకున్నవారిలో పదిమందికి దాదాపు నలుగురు అబద్ధం రాశారు. ఇలాంటి మాటల వల్ల ఎంత మేలు జరుగుతుందనే విషయంలో తర్వాతి పరిశోధకులకు భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా మాట మార్చుకోవడానికి ఖర్చేమీ లేదు కదా.

అమ్మాయిల మాట

టెర్మన్ పిల్లల్లో 672 మంది అమ్మాయిలున్నారని చెప్పాను. అబ్బాయిలతో సమానంగా చదివారు. కానీ నడివయసుకు వచ్చేసరికి వారిలో దాదాపు సగంమంది ఉద్యోగం లేకుండా ఇంటిపని చూసుకుంటున్నారు. ఇంటిపని తక్కువదని కాదు. చాలామందికి వేరే దారి తెరిచి లేదు, అది బాధాకరం. 1971లో మొదలైన పరిశీలనలోని స్త్రీలకు దారులు తెరుచుకున్నాయి. వారిలో కొందరు ఉద్యోగానికి, కొందరు కుటుంబానికి ఎక్కువ సమయమిచ్చారు. జీవితం తృప్తిగా ఉందా అని అడిగితే స్త్రీ పురుషులిద్దరూ దాదాపు ఒకే రకంగా, అవునని చెప్పారు. మన ఇళ్ళలో తమ్ముడి ఫీజు కోసం అక్క చదువు ఆపే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

మొదటిసారి వెనుకబడినప్పుడు

పదో తరగతి వరకూ ఊళ్ళో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడు ఇంటర్‌కు పట్నంలో హాస్టల్లో చేరతాడు. అక్కడ ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఊళ్ళో మొదటి ర్యాంకే. వీడు నలభయ్యోవాడవుతాడు. ఇన్నాళ్ళూ కష్టపడకుండానే మార్కులు వచ్చాయి గనుక ఎలా కష్టపడాలో తెలియదు. "మన పేరు నిలబెట్టాలి" అని నాన్న ఫోనులో చెబుతాడు. నాకు రావడం లేదని చెప్పడానికి ఆ పిల్లవాడికి మనిషి ఉండడు.

ఇది చిన్న విషయం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు. బిడ్డ మళ్ళీ రాడు.

ఈ లక్షణాలు రెండు వారాలకు మించి ఉంటే అశ్రద్ధ చేయవద్దు:

• నిద్ర పట్టకపోవడం, లేదా ఎప్పుడూ పడుకునే ఉండడం
• తిండి తగ్గడం, తరచుగా తలనొప్పి, కడుపునొప్పి అనడం
• ఇష్టమైన ఆటలు, స్నేహితులను మానేయడం
• చిన్నదానికే ఏడుపు, కోపం
• "నేను దేనికీ పనికిరాను" అనడం

"నేను లేకపోతే మీకు బాధ ఉండదు" వంటి మాట ఒక్కసారి విన్నా, బెదిరిస్తున్నాడని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, ఎక్కువ మాత్రలు అందకుండా తాళం వేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. చావాలనిపిస్తోందా అని నెమ్మదిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, బిడ్డకు బరువు దిగుతుంది. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇంట్లో చేయవలసినవి

1. పిల్లలను "జీనియస్" అని పిలవకండి. చుట్టాల ముందు నిలబెట్టి ఎక్కాలు చెప్పించకండి.

2. "ఎన్ని మార్కులు?" అనే ముందు "ఈరోజు ఏది కష్టంగా అనిపించింది?" అని అడగండి.

3. చురుకైన పిల్లలకు కూడా ఇంట్లో ఒక పని అప్పగించండి. మంచినీళ్ళు పట్టడం, పక్క మడవడం ఏదైనా సరే. బాధ్యత అక్కడే అలవాటవుతుంది.

4. కొంచెం కష్టమైనది ఏదైనా నేర్చుకోనివ్వండి. ఈత గానీ, వాయిద్యం గానీ, కొత్త భాష గానీ. తప్పులు చేస్తూ నేర్చుకోవడం చిన్నప్పుడే తెలియాలి.

5. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళవారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేపాలనుకుంటే, రాత్రి ఎన్నింటికి పడుకోబెడుతున్నారో చూసుకోండి.

6. ఏడాదికోసారి కళ్ళ పరీక్ష చేయించండి. మొహం పాలిపోయి, తొందరగా అలసిపోతుంటే రక్తపరీక్ష చేయించండి.

7. తన వయసు పిల్లలతో రోజూ కాసేపు ఆడుకోనివ్వండి.

8. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను ఒకరితో ఒకరిని పోల్చకండి.

9. మాటలు చాలా వచ్చినా అక్షరాలు తారుమారుగా రాసేవారు, లెక్కల్లో చురుకైనా ఎవరితోనూ కలవలేనివారు ఉంటారు. అలాంటివారిని తిట్టకుండా పిల్లల డాక్టరుగారికి చూపించండి.

మీ బిడ్డ కలెక్టరవుతాడా అని అడిగిన తల్లికి మేము చెప్పగలిగినది ఇంతే. కావచ్చు, కాకపోవచ్చు. నూరేళ్ళుగా గమనించిన తెలివైన పిల్లల్లో ఎక్కువమంది పేరుప్రఖ్యాతులు లేకుండానే ఆరోగ్యంగా, నలుగురికి పనికొస్తూ, సంతోషంగా బ్రతికారు. దాన్ని ఓటమి అనకూడదు. ర్యాంకు వచ్చిన రోజూ రాని రోజూ ఒకేలా అన్నం పెట్టి పక్కన కూర్చునే మనిషి ఇంట్లో ఉంటే, దేవుడిచ్చిన తెలివి ఎంతున్నా ఆ బిడ్డ దానితో చక్కగా బ్రతకగలుగుతాడు.

— నర్సింగ్ సూపరింటెండెంట్